అడ్వకేట్ జనరల్‌గా అల్లాడి

ప్రశ్న: రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అంతకుముందు 15 ఏళ్లు మద్రాసు ప్రభుత్వానికి అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారని చదివాను. ఆయన తెల్లదొరల ఉద్యోగే కదా, రాజ్యాంగ రచనలో చోటెలా దక్కింది?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఉద్యోగి అనడం కన్నా ప్రభుత్వం తరఫు న్యాయవాది అనడం సబబు. మీ నెల్లూరు జిల్లాలోని పుదూరులో 1883లో ఒక అర్చకుని ఇంట పుట్టిన అల్లాడి, మద్రాసులో చదువుకొని, హైకోర్టులో వకీలుగా పేరు గడించాక, 1929లో ఆ పదవికి వచ్చారు. ఒకప్పుడు అది ఇంగ్లీషు బారిస్టర్లకే దక్కే పదవి, వి. భాష్యం అయ్యంగార్ 1897లో తాత్కాలికంగా ఆ బాధ్యత చేపట్టి, ఆ స్థానంలో కూర్చున్న తొలి భారతీయుడయ్యారు.

అడ్వకేట్ జనరల్ కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించడమే కాక, ప్రభుత్వం అడిగిన న్యాయ విషయాలపై అభిప్రాయం చెప్పాలి. ప్రభువుకు నచ్చే మాట చెప్పడం వేరు, చట్టం ఏమంటున్నదో చెప్పడం వేరు. జస్టిస్ పార్టీ మంత్రివర్గాల కాలంలోనూ, 1937లో వచ్చిన రాజాజీ కాంగ్రెసు మంత్రివర్గ కాలంలోనూ, అది 1939లో రాజీనామా చేశాక గవర్నరు పాలనలోనూ ఆయనే అడ్వకేట్ జనరల్‌గా కొనసాగారంటే, ఆయన సలహాను ఏ పక్షం వారూ పార్టీ మాటగా చూడలేదనే నేను భావిస్తున్నాను. 1944లో ఆయన తరువాత ఆ బాధ్యత మరో తెలుగువారైన పి.వి. రాజమన్నార్‌కు దక్కింది.

అల్లాడి జైలుకు వెళ్లిన ఉద్యమకారులు కారు, 1932లో సర్ బిరుదు కూడా పుచ్చుకున్నారు. దాన్ని దాచవలసిన పని లేదు. అయితే 1947 ఆగస్టు 29న ఏర్పడిన ముసాయిదా సంఘానికి చట్టాన్ని కూలంకషంగా ఎరిగినవారు కావలసి వచ్చింది. 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, సంఘంలో తనకన్నా సమర్థులు ఉన్నారని చెప్పి, ఉదాహరణగా అల్లాడి పేరే తీసుకున్నారు. దానికి రెండు రోజుల ముందే అల్లాడి, జనంలో అత్యధికులకు చదువు లేకపోయినా సామాన్యునిపై నమ్మకంతో సభ వయోజన ఓటు హక్కును ఆమోదించిందని, సంతోషంగా చెప్పారు.

వీలైతే 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోని 55వ సెక్షన్‌ను, మన రాజ్యాంగంలోని 165వ అధికరణాన్ని పక్కపక్కన పెట్టుకొని చదవండి. హైకోర్టు జడ్జి కాదగిన అర్హత, గవర్నరు చేతి నియామకం, ప్రభుత్వానికి న్యాయ సలహా ఇవ్వవలసిన విధి: అల్లాడి నిర్వహించిన పదవి దాదాపు అవే మాటలతో అక్కడ కనిపిస్తుంది.