వీడియో ఫైళ్లు పోర్టల్‌లో ఎక్కకపోతే పెనాల్టీ నేనే కట్టాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. చిన్న ఫొటో స్టూడియో ఉంది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ రెండేళ్ల క్రితమే చేయించాను. హైదరాబాద్‌లోని ఒక మ్యాపింగ్ కంపెనీ నుంచి, కారు పైన 360 డిగ్రీల కెమెరా బిగించి మా జిల్లా రోడ్లను వీడియో తీసే పని తీసుకున్నాను. తీసిన వీడియోలను వాళ్ల స్ట్రీట్ వ్యూ ప్లాట్‌ఫారం పోర్టల్‌లోనే అప్‌లోడ్ చేయాలని వర్క్ ఆర్డర్‌లో ఉంది. ఒక్కో ఫైలు 25 జీబీ వరకు ఉంటుంది. 80, 90 శాతం వరకు వెళ్లి ఆగిపోతోంది. మళ్లీ మొదలుపెడితే సున్నా నుంచే. గడువుకు ముందే వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టి, హార్డ్ డిస్క్‌లో పంపిస్తానన్నాను. వద్దు, పోర్టల్‌లోనే పెట్టండి, కావాలంటే సైజు తగ్గించి పంపండి అన్నారు. గడువు దాటాక కూడా ఎక్కిన ఫైళ్లన్నీ తీసుకున్నారు. ఇప్పుడు 4 లక్షల 60 వేల బిల్లు పంపితే, ఆలస్యానికి రోజుకు ఒక శాతం పెనాల్టీ అంటూ సగానికి పైగా కోస్తామంటున్నారు. మిగిలిన ఫైళ్లు నా దగ్గరే ఉన్నాయి. డబ్బు ఇచ్చేవరకు వాటిని ఆపుకోవచ్చా? బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మీద కేసు వేయవచ్చా? ఇవన్నీ నా పేరుతో, ఎవరైనా వీధి చిత్రాలు పెట్టుకునే మాపిల్లరీ వెబ్‌సైటులో పెట్టేసుకుంటే తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ దగ్గర ఉన్న ఆ వాట్సాప్ సందేశాలే ఈ వివాదంలో మీకు పెద్ద బలం. ముందు వాటిని భద్రం చేయండి. ఫోన్ మార్చవద్దు, చాట్ తుడిచేయవద్దు, మెమరీ కార్డుల్లోని అసలు వీడియోలను చెరిపి వాటి మీద కొత్త పని తీయవద్దు. డబ్బు ఆగిపోయి చేతిలో కార్డులు కూడా లేనప్పుడు ఈ చివరి మాట పాటించడం కష్టమే. అయినా కొత్త కార్డులు కొనుక్కోండి.

అప్‌లోడ్ ఆగిపోవడం ఎవరి తప్పు అన్నదాని మీదే మీ కేసు నిలబడుతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 67 ఉంది. పని చేయించుకునేవాడు, ఆ పని పూర్తి చేయడానికి కావలసిన తగిన సదుపాయాన్ని పని చేసేవాడికి కల్పించకపోతే, దానివల్ల పని జరగకపోయినంత మేరకు పని చేసేవాడికి బాధ్యత ఉండదు. ఇంటి మరమ్మతు ఒప్పుకున్న మేస్త్రీకి ఎక్కడ బాగుచేయాలో యజమాని చూపించకపోతే మేస్త్రీది తప్పు కాదని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. మీ విషయంలో పోర్టల్ వాళ్లది, అందులోనే ఎక్కించాలన్న షరతూ వాళ్లదే. మధ్యలో ఆగితే ఆగిన చోటి నుంచి కొనసాగించే ఏర్పాటు పెద్ద ఫైళ్లు తీసుకునే వ్యవస్థకు కనీస అవసరం. 25 జీబీ ఫైలు 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో ఎక్కాలంటే సుమారు 2 గంటల 45 నిమిషాలు ఆగకుండా నడవాలి. మధ్యలో క్షణం లైను తెగితే, లేదా పోర్టల్ లాగిన్ గడువు ముగిస్తే, పడిన శ్రమంతా పోతుంది. అటువంటి పోర్టల్ ఇచ్చి ఇందులోనే ఎక్కించమనడం తగిన సదుపాయం కల్పించినట్టు కాదని గట్టిగా వాదించవచ్చు.

అయితే కంపెనీ కూడా ఊరుకోదు. "మీ నెట్ బాగోలేదు, మాకేం సంబంధం?" అంటుంది. దానికి జవాబు ఇప్పుడే తయారు చేసుకోండి. అంతే సైజున్న వేరే ఏదైనా వీడియోను అదే కనెక్షన్ నుంచి ఒక క్లౌడ్ డ్రైవ్‌లోకి ఎక్కించి చూడండి. తరువాత వాళ్ల పోర్టల్‌లో ఆగిపోయిన ఫైలునే మరో కనెక్షన్ నుంచి, వీలైతే మరో ఊరి నుంచి పంపి చూడండి. రెండింటినీ తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. మీ లైనులో మామూలుగా వెళ్లే ఫైలు పోర్టల్‌లో మాత్రమే ఆగుతోందంటే తప్పెక్కడుందో తేలిపోతుంది. ఫలితం వేరుగా వస్తే అదీ మీకు ముందే తెలియాలి. కోర్టులో తెలియడం కన్నా ఇది నయం. ఈలోగా కంపెనీకి రాసే ఏ మెయిల్‌లోనూ "మా నెట్ సరిగా లేదండీ, సారీ" అని రాయకండి. మర్యాద కోసం రాసిన ఆ ఒక్క వాక్యాన్నే రేపు మీరు తప్పు ఒప్పుకున్నట్టు చూపిస్తారు.

సైజు తగ్గించి పంపమన్న సలహా గురించి కూడా చెప్పాలి. 360 కెమెరా వీడియోలో చిత్రంతో పాటు జీపీఎస్ జాడ కూడా సాధారణంగా ఫైలు లోపలే నమోదవుతుంది. మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో కుదిస్తే ఆ జాడ పోయే ప్రమాదం ఎక్కువ. జాడ పోయిన వీడియో స్ట్రీట్ వ్యూ పనికి ఎందుకూ కొరగాదు. రేపు అదే కంపెనీ "లొకేషన్ లేదు, రిజెక్ట్" అని ఇంకో కోత పెట్టవచ్చు. కాబట్టి, కుదిస్తే జీపీఎస్ సమాచారం పోవచ్చని, అయినా కుదించమంటారా అని మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఆ పని చేయండి.

ఇక మీ దగ్గర మిగిలిన ఫైళ్లు. డబ్బు ఇచ్చేవరకు ఆపుకోవాలన్న ఆలోచన మానుకోండి. మీ ఆవేదన న్యాయమైనదే కానీ దారి మాత్రం అది కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 38 ప్రకారం, ఒప్పుకున్న పనిని అప్పగించడానికి మీరు సిద్ధపడి అవతలివారు తీసుకోకపోతే, పని జరగలేదన్న బాధ్యత మీ మీద పడదు, మీ హక్కులూ పోవు. కానీ ఆ అప్పగింతకు ఏ షరతూ ఉండకూడదు. "డబ్బు కొట్టండి, డిస్క్ ఇస్తాను" అంటే అది షరతు. గడువులోపు మీరు వాట్సాప్‌లో అన్నమాట మంచి సాక్ష్యమే. అయితే డిస్క్ సిద్ధంగా ఉందని, అందులో ఏమేం ఉన్నాయని అప్పుడు చెప్పి ఉండరు. ఆ లోటు ఇప్పుడు పూడ్చండి. మిగిలిన ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ప్రతి ఫైలు పేరు, సైజు, తీసిన తేదీ, దాని షా-256 హాష్ విలువతో (ఫైలు నుంచి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) ఒక జాబితా తయారు చేయండి. డిస్క్ సిద్ధంగా ఉంది, ఫలానా తేదీన మీ ఆఫీసుకు తెచ్చి ఇస్తాను, తెరిచి సరిచూసుకోవచ్చు అని మెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ తెలపండి. తీసుకుంటే రసీదు అడగండి. తీసుకోకపోతే వెనక్కి తెచ్చి జాగ్రత్త చేయండి.

హాష్ విలువ రెండు విధాల పనికొస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా అది మారిపోతుంది కాబట్టి, మీరిచ్చిన ఫైలే వాళ్లకు చేరిందని రుజువవుతుంది. పైగా 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ విలువ రాయాలి. ఆ సర్టిఫికెట్‌లో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. స్క్రీన్‌షాట్లకూ, వాట్సాప్ చాట్‌కూ ఇదే నియమం.

పెనాల్టీ మాటకొస్తే, ఒప్పందంలో రోజుకు ఒక శాతం అని రాసి ఉన్నంత మాత్రాన లెక్క కట్టి కోసేయడానికి వీల్లేదు. సెక్షన్ 74 కింద ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపల సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే జరగనప్పుడు ఈ సెక్షన్ కింద పరిహారం ఉండదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. ఆలస్యం వల్ల వాళ్లకు ఏం పోయిందో కంపెనీ చెప్పాలి.

దీనికి తోడు సెక్షన్ 55 కూడా మీకు సాయపడవచ్చు. గడువు కీలకమైన ఒప్పందంలో, గడువు దాటాక కూడా పనిని స్వీకరించినవారు, ఆలస్యానికి పరిహారం అడుగుతామని స్వీకరించేటప్పుడే నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తరువాత అడగలేరు. మీ ఉత్తరాన్ని బట్టి వాళ్లు ఫైళ్లు తీసుకుంటూ పోయి, బిల్లు చేరాకే పెనాల్టీ మాట ఎత్తారు. మధ్యలో ఒక్క మెయిల్‌లోనైనా ఆ ప్రస్తావన ఉందేమో మీరు ఒకసారి వెతికి చూసుకోవాలి. ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది.

డబ్బు రాబట్టడానికి కోర్టు కన్నా దగ్గరి దారి మీకుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ పనికి ముందే ఉంది కాబట్టి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం, 2006 మీకు వర్తిస్తుంది. పని పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ చేయించుకున్నవారికి ఆ పాత పని మీద ఈ ప్రయోజనం లేదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు ఆ ఇబ్బంది లేదు. సేవ అందిన 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే దాన్ని స్వీకరించినట్టే లెక్క. ఒప్పందంలో ఏం రాసుకున్నా, స్వీకరించిన నాటి నుంచి 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. సెక్షన్ 18 కింద, ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం ఉంటుంది. కంపెనీ హైదరాబాద్‌ది అయినా మీరు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లోనే వేసుకోవచ్చు. వర్క్ ఆర్డర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదాన్ని మధ్యవర్తికే అప్పగించాలన్న షరతు) ఉన్నా ఇది అడ్డం కాదని 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో తేలింది. తీర్పు మీకు అనుకూలంగా వచ్చి కంపెనీ దాన్ని సవాలు చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. చిన్నవాళ్ల కోసం చేసిన చట్టాల్లో నిజంగా పదునున్న నిబంధన ఇదని నా అభిప్రాయం. దీని గురించి తెలియక చాలామంది స్టూడియోలవాళ్లు, డ్రోన్ ఆపరేటర్లు బకాయిలు వదులుకుంటున్నారు.

బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మీద కేసు గురించి: వేయవచ్చు, కానీ ఇప్పుడు వేయమని చెప్పను. టెలికాం సేవల ఫిర్యాదులు వినే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉందని 2022లో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే స్టూడియో పేరున తీసుకున్న కనెక్షన్ "వాణిజ్య అవసరం" కిందకు వస్తుందని వాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధికి మినహాయింపు ఇచ్చే వివరణ 2019 చట్టంలో వస్తువుల గురించే మాట్లాడుతుంది, సేవల ప్రస్తావన లేదు. పైగా ఒకచోట తప్పు పోర్టల్‌ది అని, ఇంకోచోట తప్పు నెట్‌ది అని వాదిస్తే రెండూ దెబ్బతింటాయి. ప్లాన్‌లో రాసిన వేగం డౌన్‌లోడ్‌కేనా, అప్‌లోడ్‌కు కూడానా అని మాత్రం కనుక్కోండి.

మాపిల్లరీలో పెట్టవద్దు. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 17 ప్రకారం, ప్రతిఫలం మీద ఒకరి కోరికపై తీసిన వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, కోరి తీయించుకున్నవారే మొదటి యజమాని. డబ్బు బాకీ ఉంది కాబట్టి హక్కు మీదే అవుతుందని అనుకోవద్దు. మాపిల్లరీలో చిత్రాలు ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద బయటికి వెళతాయి. ఆ లైసెన్సును తరువాత వెనక్కి తీసుకోలేరు. చేతిలో ఉన్న మంచి కేసు కాస్తా మీ మీద కేసుగా మారుతుంది.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. ఆ పోర్టల్ సర్వర్లు ఏ దేశంలో ఉన్నాయి, కంపెనీ ఎవరిది అన్నది తెలుసుకోండి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2021 ఫిబ్రవరి 15న ఇచ్చిన జియోస్పేషియల్ (మ్యాపులు, లొకేషన్ డేటాకు సంబంధించిన) మార్గదర్శకాల ప్రకారం స్ట్రీట్ వ్యూ సర్వే, ఖచ్చితత్వం ఎంతైనా సరే, భారతీయ సంస్థలే చేయాలి. భారత పౌరుడిగా మీరు చేయడంలో తప్పులేదు, ముందస్తు అనుమతీ అక్కర్లేదు. అడ్డంగా 1 మీటరు, నిలువున 3 మీటర్ల కన్నా సూక్ష్మమైన ఖచ్చితత్వం ఉన్న డేటాను మాత్రం దేశంలోని సర్వర్లలోనే ఉంచాలి. 2022 జూలైలో గూగుల్ స్ట్రీట్ వ్యూ హైదరాబాద్‌తో సహా 10 నగరాల్లో మొదలైనప్పుడు, చిత్రాలు తీసింది జెనెసిస్ ఇంటర్నేషనల్, టెక్ మహీంద్రా కావడానికి కారణం ఇదే. మీ కంపెనీ వెనుక విదేశీ సంస్థ ఉండి ఈ నిబంధనలు పాటించకపోయి ఉంటే, ఒప్పందమే చెల్లదని వాళ్లే అడ్డం తిరిగే అవకాశం ఉంది. కాబట్టి నోటీసులో ఈ రెండు ప్రశ్నలు కూడా మర్యాదగా అడగండి.

ముందు డిస్క్ అప్పగింత లేఖ పంపండి. దానికి వారం రోజుల సమయం ఇచ్చి, ఆ తరువాత బకాయి, వడ్డీ లెక్కతో లాయర్ నోటీసు ఇప్పించండి. జవాబు రాకపోతే కౌన్సిల్‌లో దరఖాస్తు వేయండి. వర్క్ ఆర్డర్, బిల్లు, ఎక్కిన ఫైళ్ల జాబితా, ఆగిపోయిన ఫైళ్ల స్క్రీన్‌షాట్లు, ఉద్యం సర్టిఫికెట్, డిస్క్ లేఖ పంపిన రసీదు ఒకే ఫైలులో పెట్టుకుని మీ ఊళ్లోని న్యాయవాదిని కలవండి. వర్క్ ఆర్డర్‌లోని ప్రతి పేజీ చూపించండి. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు నేను చూడలేదు, ఆయన చూడాలి.