పునీతులు, ఇలవేలుపులు కథలోకి వచ్చినప్పుడు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

మన దగ్గర ఇంటికో ఇలవేలుపు, వృత్తికో మూలపురుషుడు ఉన్నట్టే రోమన్ కథోలికులకు పనికొక పాలక పునీతుడు ఉంటాడు. ప్రయాణానికి ఒకరు, పోయిన సొమ్ముకు ఒకరు, బొగ్గుబాయికి ఒకరు. కథలు, నవలలు రాస్తున్న పాఠకులు వీళ్ల గురించి పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా కథ ఫాతిమానగర్‌లో ఉండే ఒక క్రైస్తవ కుటుంబానిది. బంగారు గొలుసు పోతే నాయనమ్మ అంతోనివారికి మొక్కుకుంటుంది. కథ చదివిన స్నేహితురాలు ‘క్రైస్తవులు అట్లా మొక్కరు’ అంటున్నది. ఎవరిది ఒప్పు? – పాఠకురాలు, హనుమకొండ

ఇద్దరిదీ ఒప్పే. ఆ కుటుంబం ఏ సంఘానిదో కథలో ఎక్కడా చెప్పకపోవడంతోనే ఈ చిక్కు వచ్చింది. ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక కుటుంబమైతే అంతోనివారిని వేడుకుంటుంది. బాప్టిస్టు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), పెంతెకొస్తు కుటుంబమైతే వేడుకోదు, నేరుగా యేసుకే ప్రార్థన చేస్తుంది. మీ ఊళ్లో రెండు సంప్రదాయాలూ పాతవే. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్దం చివర్లోనే హనుమకొండకు వచ్చింది. కథోలిక వరంగల్ మేత్రాసనం (ఒక బిషపు కింద ఉండే ప్రాంతం) 1952లో ఏర్పడింది, ఫాతిమామాత పేరున ఉన్న గుడి దాని ప్రధాన దేవాలయం.

సంఘం పేరు రాయకుండానే పాత్ర నోటి మాటతో ఇది తెలిసేటట్టు చేయవచ్చు. కథోలిక నాయనమ్మ ఆదివారం ‘పూజకు’ పోతుంది, బాప్టిస్టు నాయనమ్మ ‘ఆరాధనకు’ పోతుంది. ఒకామె ‘ఫాదర్’ అంటే ఇంకొకామె ‘పాస్టరుగారు’ అంటుంది. ఒకరికి జ్ఞానస్నానం, ఇంకొకరికి బాప్తిస్మం. చేతిలో జపమాల, నోట మంగళవార్త జపం, గోడ అరలో ‘స్వరూపం’ ఉన్నాయంటే కథోలిక ఇల్లు. ఆ స్వరూపాన్ని వాళ్లు ‘విగ్రహం’ అనరు. మీ ప్రతిలో నాయనమ్మ ‘ఆరాధన’ అన్నది, రెండు పేజీల తర్వాత జపమాల తీసింది. మీ స్నేహితురాలికి అనుమానం అక్కడే వచ్చి ఉంటుంది.

ఇక అంతోనివారు. 1195లో లిస్బన్‌లో పుట్టి, 1231లో ఇటలీలోని పాదువా దగ్గర మరణించిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఆయన సొంత గుర్తులు రాసుకున్న కీర్తనల పుస్తకాన్ని ఒక కుర్ర సన్యాసి ఎత్తుకుపోయాడట. ఆయన ప్రార్థిస్తే వాడే తిరిగి తెచ్చి ఇచ్చాడట. పోయిన వస్తువుల పని ఆయనకు అప్పగించింది ఈ కథే. పండుగ జూన్ 13. భూస్థాపన మంగళవారం జరిగిందని భక్తి కూడా మంగళవారాలదే. 9 గానీ 13 గానీ మంగళవారాలు ప్రార్థన పట్టి, మొక్కు తీరితే పేదలకు రొట్టె పంచుతారు.

స్వరూపాన్ని వర్ణించేటప్పుడు ఇద్దరితో పొరపాటు పడతారు. బాలయేసు, లిల్లీ పువ్వు జోజప్పగారి (మరియమ్మ భర్త యోసేపు) చేతిలోనూ ఉంటాయి. అయితే జోజప్పకు గడ్డం ఉంటుంది. అంతోనివారికి గడ్డం ఉండదు, నడినెత్తి గొరిగి ఉంటుంది, గోధుమరంగు అంగీ మీద మూడు ముడుల తాడు కట్టి ఉంటుంది. పక్కన పంది, చేతిలో గంట ఉంటే ఆయన ఈజిప్టు ఎడారి అంతోని, పండుగ జనవరి 17. ఆయనకు పోయిన గొలుసుతో పని లేదు.

ఒక సలహా. గొలుసు దొరకగానే కథ ఆపేశారు. మొక్కుకు అడగడం, తీర్చడం అని రెండు కొసలుంటాయి. మీ నాయనమ్మ రొట్టె ఎవరికి పంచింది? గొలుసు తీసినవాళ్ల ఇంటికీ పంపిందా? అసలు కథ అక్కడ దాగి ఉంది.

ప్రశ్న: ఒక అనువాద నవలలో గని కార్మికులు బార్బరా అనే పునీతురాలి బొమ్మను సొరంగం నోట్లో పెట్టుకుంటారు. ఆమెకూ గనికీ ఏం సంబంధం? సింగరేణి నేపథ్యంలో నేను రాస్తున్న నవలలో వాడుకోవచ్చా? – పాఠకుడు, మందమర్రి

సంబంధం పిడుగుతో మొదలవుతుంది. బార్బరా తండ్రి దియోస్కోరస్ ఆమెను బురుజులో బంధించాడు. రెండు కిటికీలు పెట్టమని తండ్రి చెప్పిపోతే, క్రైస్తవురాలైన ఆమె తండ్రి, కుమార, పవిత్రాత్మల త్రిత్వానికి గుర్తుగా మూడు పెట్టించింది. సంగతి తెలిసి తండ్రే ఆమె తల నరికాడు, ఇంటికి పోతుంటే ఆకాశం నుంచి నిప్పు పడి కాలిపోయాడు. అందుకే మొదట పిడుగు నుంచి, చెప్పాపెట్టకుండా వచ్చే చావు నుంచి కాపాడే తల్లి అయింది. తుపాకిమందు వచ్చిన తర్వాత ఫిరంగివాళ్లు ఆమెను పట్టుకున్నారు. రాయిని మందుతో పేల్చడం మొదలయ్యాక గనివాళ్లూ పట్టుకున్నారు. స్పానిష్‌లో ఓడలోని మందు కొట్టుకు ‘శాంతా బార్బరా’ అన్న పేరే నిలిచిపోయింది. పండుగ డిసెంబరు 4. పోలండ్‌లో అది గని కార్మికుల పండుగ రోజు. జర్మనీలో ఆ రోజు చెర్రీ కొమ్మ తెంచి నీళ్లలో పెడతారు, క్రిస్మస్ నాటికి పూస్తుంది. బొమ్మలో బురుజును, దానికున్న మూడు కిటికీలను చూసి ఆమెను గుర్తుపడతారు.

మీ నవలలో ఆమెను స్థానిక దేవత లాగా దింపవద్దు. పోలండ్ నుంచి యంత్రాలతో వచ్చిన ఇంజనీరు జేబులో పెట్టండి, అతికినట్టుంటుంది. తట్ట, చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపే కోల్‌ఫిల్లర్ దండం పెట్టేది మైసమ్మకు. బొక్కలగుట్ట గాంధారి మైసమ్మ మీకు పక్కనే ఉంది. దసరా ఆయుధపూజ ఉంది. ఈ రెండు భక్తులనూ కలిపే మనిషి షాట్‌ఫైరర్. రంధ్రంలో మందు కూరి, అందరినీ వెనక్కి పంపి, చివరగా మీట నొక్కేది అతనే. బార్బరాకు గనిలో చోటిచ్చిన భయం, అతను బాయిలోకి దిగేముందు పెట్టే దండంలోని భయం ఒక్కటే. ఆ ఇద్దరినీ ఒకే షిఫ్టులో వేయండి, మీరు వేరే పోలిక చెప్పక్కరలేదు.

ప్రశ్న: షేక్‌స్పియర్ ‘అయిదో హెన్రీ’ నాటకంలో యుద్ధానికి ముందు రాజు చెప్పులు కుట్టేవాళ్ల పునీతుడి పేరు ఎందుకు ఎత్తుతాడు? మన దగ్గర ఇట్లాంటి వృత్తి పునీతులు ఉన్నారా? – డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

నాటకంలోని ఆ యుద్ధం, ఇంగ్లండు ఫ్రాన్సుల మధ్య అజింకోర్ట్ యుద్ధం, 1415 అక్టోబరు 25న జరిగింది, అది క్రిస్పిన్, క్రిస్పినియన్ల పండుగ రోజు. తేదీ చరిత్ర ఇచ్చింది, దాన్ని కవి వాడుకున్న తీరు మాత్రం ఆయన సొంతం. పాత కథలో ఈ అన్నదమ్ములు ఫ్రాన్సులోని స్వాసోఁలో పగలు మతబోధ చేసి, రాత్రి చెప్పులు కుట్టి బతికారు. ఇంగ్లండు జనం ఈ కథను తమ దేశానికి తెచ్చుకున్నారు. అక్కడ ఇద్దరూ రాకుమారులు, చెప్పులు కుట్టేవాళ్ల వేషంలో దాక్కుంటారు. 1597 ప్రాంతంలో థామస్ డెలొనీ దీన్నే జనం చదివే వచన కథగా రాశాడు, నాటకం 1599 నాటిది. చూసేవాళ్లకు క్రిస్పిన్ అంటే చెప్పులు కుట్టిన రాకుమారుడు. అందుకే ఎంత తక్కువ పుట్టుకవాడైనా నాతో నెత్తురు చిందిస్తే నా తమ్ముడే అని రాజు అన్నప్పుడు, ఆ మాట కింద అన్నదమ్ముల కథ, రాచబిడ్డ కుట్టిన చెప్పు రెండూ ఉన్నాయి.

మన దగ్గర ఉన్నారా అని అడిగారు. ఉండడమే కాదు, వాళ్ల కథ పాడడానికి వేరుగా కులాలే ఉన్నాయి. పద్మశాలీలకు భావనారుషి. మార్కండేయుని యాగంలో పుట్టి, విష్ణువు బొడ్డు తామర నుంచి నార తీసి దేవతలకు బట్టలు నేశాడు. ఈ కథ చెప్పేవాళ్లు కూనపులివారు. మాదిగలకు జాంబవుడు, భూమి కంటే ఆరు నెలలు ముందు పుట్టినవాడు. ఆ జాంబపురాణాన్ని డక్కలివాళ్లు కిన్నెర మీద పాడతారు. ఇట్లాగే కథ చెప్పేవాళ్లు గౌడులకు గౌడజెట్టీలు, గొల్లలకు మందహెచ్చులు, ముదిరాజులకు కాకిపడిగెలవాళ్లు, చాకలివాళ్లకు మడేలు పురాణం చెప్పే పటంవాళ్లు. ఫలానా ఊళ్లు ఫలానా ఇంటివాళ్లవి అని మిరాశీ పంచుకుని ఉంటారు. ఇంకొకరి మిరాశీ ఊళ్లో కథ చెబితే తగువు పంచాయతీకి ఎక్కుతుంది. నవలకు ఇంతకంటే మంచి ముడి ఏం కావాలి?

కథకు పటం కావాలి, పటానికి బొమ్మలు గీసే చేర్యాల నకాషీవాళ్లు కావాలి. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకొకటి. తొందరపడితే చుట్ట చుట్టినప్పుడు పూత పగిలి రంగు రాలుతుంది. వెనక నేల ఎర్రగా ఉంటుంది. గజం వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు, మొదట గణపతి. మధ్యలో పూలతీగ అంచులతో అడ్డగీతలుంటాయి, రెండు గీతల నడుమ కథలో ఒక ఘట్టం. కథకుడు పై నుంచి కిందికి విప్పుకుంటూ, కర్రతో బొమ్మను చూపిస్తూ చెబుతాడు. చాలా కథల్లో పటం మొత్తం ఒక్కసారే గోడకు పరిచి ఉన్నట్టు రాస్తున్నారు. అట్లా రాస్తే తర్వాతి బొమ్మ ఏమిటన్న ఆత్రమే పోతుంది. మీకు అవకాశం ఉంటే చేర్యాల పోయి చూడండి. షోకేసులో పెట్టే చిన్న బొమ్మలను కాదు, విప్పి చూపించే పాత పటాన్ని అడగండి.

ప్రశ్న: నా డిటెక్టివ్ నవలలో డ్రైవరు మెడలో క్రిస్టఫర్ పతకం ఉంది. ఆయన్ను చర్చి పునీతుల జాబితా నుంచి తీసేసిందని విన్నాను. మార్చాలా? – పాఠకుడు, పెద్దపల్లి

మార్చవద్దు. 1969లో చర్చి అంతటికీ వర్తించే పండుగల పట్టిక నుంచి ఆయన రోజును తీశారు, పునీతుడన్న పేరు తీయలేదు. స్థానికంగా జూలై 25న జరుపుకోవచ్చు. బార్బరాకూ అప్పుడు ఇదే జరిగింది. పతకం మీద ఏరు దాటుతున్న భారీ మనిషి, చేతిలో పెద్ద కర్ర, భుజం మీద బాలయేసు ఉండాలి. ఆయన బొమ్మను చూసిన రోజు అకాల మరణం రాదని మధ్యయుగంలో నమ్మేవారు. అందుకే గుడి ద్వారానికి ఎదురుగోడ మీద, లోపలికి రాకుండానే కనబడేటంత పెద్దగా గీసేవారు. మీ నవలలో హత్య పొద్దున జరుగుతుంది గదా, ఆ రోజు డ్రైవరు పతకం ఇంట్లో మరచిపోయాడో లేదో పాఠకుడికి ముందే తెలియాలి.

ప్రశ్న: 1996 డిసెంబరులో కాజీపేట దర్గా ఉర్సు, ఫాతిమానగర్ క్రిస్మస్ ఒకే వారంలో పడినట్టు రాశాను. సరేనా? – పాఠకురాలు, కాజీపేట

సరికాదు. హజ్రత్ అఫ్జల్ బియాబానీ ఉర్సు సఫర్ నెల 26 నుంచి 28 దాకా. హిజ్రీ ఏడాది మన క్యాలెండరు కంటే దాదాపు 11 రోజులు చిన్నది గనుక, ఉర్సు ఏటా అన్ని రోజులు ముందే వస్తుంది. 1996లో సఫర్ 26 జూలై మధ్యలో పడింది, అంటే వానకాలం. మీకు రెండూ కలవాలంటే కథను 1981కి జరపండి, ఆ ఏడు సఫర్ 26 డిసెంబరు 24 ప్రాంతంలో వచ్చింది. నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ అవుతుంది. 1981కి పోతే అప్పటికి రాని వస్తువులన్నీ తీసేయాలి, అది మరచిపోకండి.

ప్రశ్న: మేడారం మీద రాసిన కథను సంపాదకులు ‘వివరాలు తప్పు’ అని తిప్పి పంపారు. ఏం చూసుకోవాలి? సమ్మక్కను ‘పాలక పునీతురాలు’ అనవచ్చా? – పాఠకుడు, ములుగు

అనవద్దు. పునీతురాలిని చర్చి విచారించి ప్రకటిస్తుంది. సమ్మక్కను ఎవరూ ప్రకటించలేదు. కోయవాళ్లకు ఆమె తమ ఆడబిడ్డ, పోరాడి గుట్టలో కలిసిపోయిన తల్లి. ‘వనదేవత’ అన్నా, ఉత్త ‘తల్లి’ అన్నా చాలు.

మీ ప్రతిలో మాకు కనబడిన మొదటి తప్పు ‘విగ్రహం ముందు మోకరిల్లింది’ అన్న వాక్యం. అక్కడ విగ్రహం లేదు. గద్దెలున్నాయి, గద్దెల మీద నిలిపే వెదురు ఉంది, కుంకుమభరిణె ఉంది. రెండోది రోజుల వరస. జాతర రెండేళ్లకొకసారి, మాఘ పున్నమి వేళ, బుధవారం నుంచి శనివారం దాకా. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. పూజారులు కుంకుమభరిణెతో గుట్ట దిగగానే పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెబుతారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. మీ నాయిక బుధవారం రాత్రే సమ్మక్క గద్దెకు మొక్కు చెల్లించి బస్సెక్కింది. అప్పటికి తల్లి ఇంకా గుట్టమీదే ఉంది.

మూడోది బంగారం. ‘బంగారం సమర్పించింది’ అని రాసి, పక్క వాక్యంలో నగల దుకాణం పెట్టారు. మేడారంలో బంగారమంటే బెల్లం. మొక్కుకున్న మనిషి ఎత్తు తూచి ఇస్తారు. బిడ్డ కోసం మొక్కుకుని రెండేళ్ల తర్వాత వస్తే, మొక్కిననాటి బరువు కాదు, తీర్చేనాటి బరువే తక్కెడలో పెట్టాలి. బిడ్డ 12 కిలోలుంటే 12 కిలోల బెల్లం. ముందు జంపన్నవాగులో స్నానం, ఆ తర్వాతే గద్దెలు. జంపన్న కథ వచ్చేదాకా ఆ వాగు సంపెంగవాగు కాబట్టి, మీ కథలో ముసలి కోయ పాత్ర పాత సంగతి చెప్పేచోట ఆ పేరే పెట్టండి. సవరించిన ప్రతిలో నాయికను బుధవారం వాగు ఒడ్డునే పడుకోబెట్టి, గురువారం సాయంత్రం తుపాకుల చప్పుడు వినిపించండి.