సూప్ క్యూలో ఎక్కడ నిలబడాలి

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నాజీలు యూదుల్నీ ఇంకా ఎందరినో బంధించి చంపిన ఆష్విట్జ్ క్యాంపులో రోజుకి కాస్త సూపు, ఓ బ్రెడ్ ముక్క మాత్రమే పెట్టేవాళ్ళంట కదండీ, అది తిని అంత చాకిరీ చేసి కూడా కొందరు ఏళ్ళ తరబడి ఎలా బతికారు? అంతా విల్ పవరేనా?

జవాబు: విల్ పవర్ అనే మాట నాకు నచ్చదండీ, అంటే పోయినవాళ్ళకి అది లేదనా? అసలు ఆష్విట్జ్‌కి తెచ్చిన సుమారు 13 లక్షల మందిలో ఖైదీలుగా నంబర్ ఇచ్చింది 4 లక్షల మందికే, మిగతా వాళ్ళలో దాదాపు అందర్నీ, పిల్లల్నీ ముసలివాళ్ళనీ చంటిబిడ్డల తల్లుల్నీ, రైలు దిగీ దిగగానే గ్యాస్ చాంబర్లకి పంపేశారు. వాళ్ళకి ఏ పవరూ చూపించే టైమే లేదు.

ఇక తిండి సంగతి. పొద్దున కాఫీ పేరుతో అర లీటరు నల్లనీళ్ళు, మధ్యాహ్నం ముప్పావు లీటరు సూపు, సాయంత్రం 300 గ్రాముల బ్రెడ్డు, దాంతో 25 గ్రాముల సాసేజో మార్జరినో. ఆ బ్రెడ్డులోంచే మర్నాడు పొద్దుటికీ మిగుల్చుకోవాలి, కానీ తల కింద పెట్టుకుని పడుకున్నా తెల్లారేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు, అందుకే చాలామంది అప్పుడే తినేసేవాళ్ళు, కడుపులో పడ్డదాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు కదా. సూపుకి ఇంకో లెక్క ఉంది. దుంప ముక్కలన్నీ డేగిసా అడుక్కి దిగిపోతాయి, క్యూలో ముందుంటే పైపై నీళ్ళే పడతాయి, మరీ వెనకుంటే అసలు మిగలకపోవచ్చు. గిన్నె పోగొట్టుకుంటే ఆ నీళ్ళు కూడా లేవు. చెక్క చెప్పులు సైజు కుదరక కాలికి పుండు పడితే అది వాచేది, నడవలేనివాడు పనికి రాడు, పనికి రానివాడు నెక్స్ట్ సెలక్షన్లో, అంటే చంపడానికి మనుషుల్ని ఏరేటప్పుడు, పోతాడు. చెప్పు కరవడం వల్ల మనిషి చచ్చిపోవడం అంటే ఇదేనండి.

ఎక్కువకాలం బతికినవాళ్ళని చూస్తే చాలామందికి ఎండా మంచూ లేని చోట పని దొరికింది, కిచెన్, ఆస్పత్రి, గోడౌన్ లాంటివి. జర్మన్ వస్తే కొంత నయం, ఆర్డర్ అర్థం కాక తినే దెబ్బలైనా తగ్గుతాయి. క్యాంపు భాషలో "ఆర్గనైజ్" అంటే ఎక్కడినుంచో ఏదో ఒకటి సంపాదించడం. చనిపోయినవాళ్ళ సామాన్లు దాచే గోడౌన్లకి "కెనడా" అని పేరు పెట్టుకున్నారు, కెనడా డబ్బున్న దేశమని. వీటన్నిటికీ తోడు అదృష్టం, అది చాలా ఎక్కువే కావాలి.

ప్రశ్న: అంతమంది ఉండి ఎందుకు తిరగబడలేదు?

జవాబు: తిరగబడ్డారండీ. కానీ ఒకడు చేస్తే అందరికీ పడేది, 1940 జులై 6న ఒక్క ఖైదీ తప్పించుకున్నాడని మిగతావాళ్ళని హాజరు పేరుతో 19 గంటలు నిలబెట్టారు. అయినా ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసే యూదు అమ్మాయిలు గన్ పౌడర్ని కొంచెం కొంచెంగా బట్టల్లో దాచి తిరగబడేవాళ్ళకి చేర్చారు, 1944 అక్టోబర్ 7న సోండర్‌కమాండో అంటే శవాల్ని కాల్చే పని చేయించిన ఖైదీలు తిరగబడి ఒక క్రిమటోరియానికి నిప్పు పెట్టారు. ఆ ఖైదీల్లో దాదాపు 450 మంది చనిపోయారు. పౌడర్ విషయంలో దొరికిన నలుగురు ఆడవాళ్ళని 1945 జనవరి మొదట్లో ఉరి తీశారు. నడవగలిగిన వేలాది మందిని ఆ నెలలోనే మంచులో పడమటికి నడిపించుకుపోయారు, 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి క్యాంపులో మిగిలింది ఓ 7 వేల మంది, ఎక్కువమంది లేవలేని రోగులే.