పైథాన్‌లో జేసన్ పార్స్ ఎర్రర్ వస్తే ఖాళీ డిక్షనరీ ఇచ్చి దాటేయవచ్చా?

బయటి సర్వర్ పంపే జేసన్‌ను (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి, JSON) పార్స్ చేసేటప్పుడు, అంటే చదివి పైథాన్ విలువలుగా మార్చేటప్పుడు, అప్పుడప్పుడూ ఎర్రర్ వస్తోందని, ప్రోగ్రామ్ ఆగకుండా ట్రై ఎక్సెప్ట్ పెట్టి ఖాళీ డిక్షనరీ ఇస్తున్నానని, అది సరైనదేనా అని అడిగారు. దయచేసి అలా చేయకండి. నేను అచ్చం అదే చేసి దెబ్బతిన్నాను.

ఒక సర్వీసు నుంచి రికార్డులు తెచ్చి డేటాబేస్‌లో వేసే స్క్రిప్ట్ రాశాను, రోజూ రాత్రి నడిచేది. మూడు వారాలయ్యాక చూస్తే రిపోర్టులో చాలా లెక్కలు లేవు. లాగ్‌లో ఒక్క ముక్క లేదు. తీరా తవ్వితే తెలిసిందేమిటంటే, టోకెన్ (లాగిన్ అనుమతి కోడ్) గడువు తీరాక ఆ సర్వీసు లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను అంతా సవ్యమే అని చెప్పే 200 స్టేటస్‌తోనే పంపుతోంది. నా కోడ్ దాన్ని పార్స్ చేయలేక, ఆ రోజుకు డేటా లేదన్నట్టు ముందుకు పోయింది. డేటా లేకపోవడం వేరు, ఉన్నది చదవలేకపోవడం వేరు. ఖాళీ డిక్షనరీ ఈ రెండింటినీ కలిపేస్తుంది. ఆ సర్వీసు పాత డేటాను కొద్ది రోజులే ఉంచేది, అందుకని కొన్ని రికార్డులు మళ్లీ దొరకనే లేదు.

అప్పటి నుంచి అన్ని ఎక్సెప్షన్లనూ ఒకేసారి పట్టుకోవడం మానేశాను. పార్స్ చేసే ఒక్క లైన్ చుట్టూ మాత్రమే ట్రై పెట్టి, జేసన్‌డీకోడ్‌ఎర్రర్‌ను పట్టుకుంటాను. ఇది పైథాన్ 3.5లో వచ్చింది, వాల్యూఎర్రర్ కిందికి వస్తుంది. దాని 'డాక్' (doc)లో మొత్తం టెక్స్ట్, 'పాస్' (pos)లో పార్సింగ్ ఎక్కడ ఆగిందో ఆ స్థానం ఉంటాయి. ఆ స్థానానికి అటూ ఇటూ 40 అక్షరాలు తీసి, కంటికి కనబడని అక్షరాలు కూడా బయటపడేలా 'రెప్ర్' (repr)తో లాగ్‌లో రాస్తాను. టెక్స్ట్‌లో పాస్‌వర్డ్‌లు, వ్యక్తిగత వివరాలు ఉండే అవకాశం ఉంటే మాత్రం అది లాగ్‌లోకి వెళ్లకూడదు. తర్వాత అసలు ఎర్రర్‌ను కూడా జతగా ఉంచే 'రైజ్ ఫ్రమ్' (raise ... from)తో, ఏ చిరునామా నుంచి వచ్చిందో చెప్పే నా సొంత ఎర్రర్‌ను పైకి పంపుతాను.

లైన్ 1 కాలమ్ 1 దగ్గరే 'ఎక్స్‌పెక్టింగ్ వాల్యూ' అంటే చాలాసార్లు వచ్చింది ఖాళీ టెక్స్టో, హెచ్‌టీఎంఎల్లో అయి ఉంటుంది. 'ఎక్స్‌ట్రా డేటా' అంటే లైనుకో జేసన్ ఉందేమో చూడండి. సింగిల్ కోట్స్ కనిపిస్తే అవతల ఎవరో జేసన్ రాసే 'డంప్స్' (json.dumps) బదులు, మామూలు టెక్స్ట్‌గా మార్చే 'స్ట్ర్' (str) వాడి ఉంటారు. వాటిని రీప్లేస్‌తో డబుల్ కోట్స్‌గా మార్చాలని చూడకండి, విలువల్లో అపాస్ట్రఫీ రాగానే అదీ విరిగిపోతుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం ఏ ఎర్రరూ రాకుండా పార్స్ అయిపోయే తప్పు డేటా. డిక్షనరీ నుంచి విలువ తీసే 'గెట్' (get)కు డిఫాల్ట్‌గా ఖాళీ డిక్షనరీ ఇచ్చినా, కీ ఉండి దాని విలువ నల్ అయితే మీ చేతికి వచ్చేది నన్ (None) మాత్రమే. ఆ డిఫాల్ట్ కీ లేనప్పుడే పనిచేస్తుంది. ఒకే కీ రెండుసార్లు ఉంటే చివరిదే మిగులుతుంది, హెచ్చరిక కూడా రాదు. జేసన్ ప్రమాణంలో లేని 'నాన్' (NaN, అంటే 'సంఖ్య కాదు') అనే విలువను సైతం పైథాన్ మామూలుగా ఒప్పేసుకుంటుంది. అది వద్దనుకుంటే 'పార్స్_కాన్‌స్టంట్'కు ఎర్రర్ ఇచ్చే ఫంక్షన్ పెట్టాలి. అందుకే పార్స్ అయిన వెంటనే వచ్చింది డిక్షనరీనా లిస్టా, కావలసిన కీలు ఉన్నాయా, వాటి టైప్ సరైనదేనా అని అక్కడికక్కడే చూసేస్తాను.

లైనుకో రికార్డు ఉండే పెద్ద ఫైల్ అయితే ఒక్క చెడ్డ లైన్ కోసం అంతా ఆపను. దాన్ని లైన్ నంబర్‌తో సహా వేరే ఫైల్‌లో పడేసి, అలాంటివి ఎన్ని వచ్చాయో లెక్కపెడతాను. ఆ లెక్క ముందే పెట్టుకున్న హద్దు దాటితే స్క్రిప్ట్ ఆగిపోతుంది.