లాన్ ముందే పీకేయకండి

ప్రశ్న: లాస్ వేగాస్‌లో సొంతిల్లు. 2027 నుంచి గడ్డి నిషేధమంటున్నారు. లాన్ తీసేసి సబ్సిడీకి రాసుకోవచ్చా?

జవాబు: వరస తిరగబడింది! 2021లో నెవాడా చేసిన ఏబీ 356 చట్టం మీ ఇంటి లాన్ జోలికి రాదు. 2027 జనవరి 1 నుంచి కొలరాడో నది నీళ్లు ఆగేది రోడ్ల మధ్య, ఆఫీసుల ముందు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉమ్మడి స్థలాల్లో ఉన్న అలంకారపు గడ్డికి. అయినా తీస్తానంటే ముందు సబ్సిడీ ఇచ్చే సదరన్ నెవాడా వాటర్ అథారిటీకి దరఖాస్తు పెట్టండి. వాళ్లు గడ్డి చూసి సరేనన్నాకే పార పట్టాలి. ఉత్త కంకర పరిస్తే కుదరదు. మొక్కలు ఎదిగాక సగం నేలైనా కప్పాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఆ మొక్కలకు డ్రిప్ పెట్టే దగ్గర. స్ప్రింక్లర్ లైనుకే నేరుగా తగిలిస్తే ఆ ప్రెషర్‌కు ఎమిటర్లు (నీళ్లు చుక్కలుగా వదిలే బిళ్లలు) టపటపా ఊడిపోతాయి. వాల్వ్ దగ్గర ఫిల్టరు, ప్రెషర్‌ను 25-30 పీఎస్‌ఐకి (ప్రెషర్ కొలత) తగ్గించే రెగ్యులేటరు పెట్టించండి. పాత స్ప్రింక్లర్ హెడ్లకు మూతలు బిగించండి. లాన్ నీళ్లతో బతికిన చెట్టుంటే కొమ్మల అంచు కింద చుట్టూ ఎమిటర్లు వేయండి. కాండం దగ్గర ఒక్కటే పెడితే వచ్చే ఎండాకాలానికే చెట్టు వాడిపోతుంది. కొత్తగా నాటేందుకు దానిమ్మ భేషుగ్గా ఉంటుంది. టైమర్‌లో ఆదివారం తీసేయండి. ఆ రోజు తోటకు నీళ్లు ఏడాదంతా నిషేధమే.