గని ఊరిలో మూలాలు వెతకబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఈ వేసవిలో మీ నాన్నగారి ఊరికి, స్కాట్లాండులో ఫైఫ్ ప్రాంతంలోని కెల్టీకి వెళ్లి, ఆయన వైపు వంశాన్ని వెతికి రాసిపెడతానని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నాకు సంతోషమూ, కొంచెం భయమూ కలిగాయి. భయం ఎందుకంటే నువ్వు మొదట కంప్యూటరు తెరిచి కూర్చుంటావు. ఇరవై అయిదేళ్ల కిందట నేను చేసిన తప్పు కూడా అలాంటిదే. ఇల్లందులో బొగ్గు బాయి సైరను వింటూ పెరిగి, ఆ పైన ఫైఫ్ గని ఊళ్లలో ముప్పై ఏళ్లు డాక్టరుగా పనిచేసిన నాకు ఆ మనుషులు తెలియకపోవడమేమిటన్న ధీమాతో, రెండు సెలవు రోజులు ఎడిన్‌బరాలో పాత జనన మరణ రికార్డులుండే రిజిస్టర్ హౌస్‌లో కూర్చుని వియ్యాలవారి వంశవృక్షాన్ని తయారుచేసి, చట్రం కట్టించి, మీ అమ్మ పెళ్లిలో కానుకగా ఇచ్చాను. మీ నాన్నగారి నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని అయిదు నిమిషాలు దాన్ని పరకాయించి చూసి, "డాక్టరుగారూ, పని ముచ్చటగా ఉంది, కానీ ఈ జాన్ మావాడు కాడు, వెనక వరస ఇళ్లలోవాడు" అన్నది.

ఆ పొరపాటు ఎలా జరిగిందో చెబితే నీకు పనికివస్తుంది. మనం తాత పేరు మనవడికి పెట్టినట్టే అక్కడా పూర్వం ఒక వరస ఉండేది: పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాయనమ్మ పేరు. నలుగురు అన్నదమ్ములు ఇదే పాటిస్తే ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్లో నలుగురు జాన్‌లు తయారవుతారు, నలుగురూ గనిలోనే పనిచేస్తారు. ఊరివాళ్లు వాళ్లను మారుపేర్లతో వేరుచేసుకుంటారు, గుమాస్తా రిజిస్టరులో ఆ మారుపేరు ఉండదు. అందుకని ముందు మనుషులను అడుగు. అందులోనూ ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు తప్పక అడిగి రాసుకో. స్కాట్లాండు రికార్డులలో పెళ్లయిన స్త్రీకి పుట్టింటి పేరు పోదు. మరణ పత్రంలో చనిపోయినవారి తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది, సమాధి రాళ్ల మీదా చాలాచోట్ల అదే చెక్కుతారు. నేను జారవిడిచిన కొస అదే.

పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు "మీ జీవితం గురించి చెప్పండి" అని అడగకు. అలా అడిగితే "చెప్పడానికేముంది" అని టీ పోసి ఊరుకుంటారు. చిన్న ప్రశ్నలు వెయ్యి. గనిలోకి పట్టుకెళ్లే రేకు డబ్బాలో "పీస్" ఏముండేది, అంటే రొట్టెముక్కల మధ్య ఏం పెట్టేవారు? గని దగ్గర స్నానాల గదులు కట్టకముందు, పొయ్యి ముందు తొట్టిలో మొదట ఎవరు స్నానం చేసేవారు? మూడు వేర్వేరు షిఫ్టులకు వెళ్లే మగవాళ్లున్న ఇంట్లో ఆడవాళ్లు ఎప్పుడు నిద్రపోయేవారు? ఈ చివరి ప్రశ్నకు మీ నాన్నగారి నాయనమ్మ నాకు గంటసేపు జవాబు చెప్పింది. మధ్యలో లేచి వెళ్లి, వంటింటి సొరుగులోంచి ఒక ఇత్తడి బిళ్ల తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పైన కొక్కేనికి తగిలించే చిన్న రంధ్రం, దాని కింద నంబరు. గనిలోకి ఎవరు దిగారో, ఎవరు తిరిగి పైకి వచ్చారో ఆ బిళ్లలతోనే లెక్క చూసేవారు. అంచులు అరిగి నున్నబడ్డాయి కానీ అంకెలు మాత్రం వేలికి తగిలేవి. భర్త ఆఖరి రోజున దాన్ని అప్పగించకుండా జేబులో వేసుకుని వచ్చాడని ఆమె చెప్పేదాకా, ఆయనలో ఇంత మొండితనం ఉండేదని నాకు తెలియదు. కాబట్టి వస్తువులు చూపించమని అడుగు, వాళ్ల అనుమతి తీసుకుని మాటలు రికార్డు చెయ్యి, ఆ పని రేపటికి వాయిదా వెయ్యకు. వీపు నిండా నీలిమచ్చలున్న ఒక ముసలాయన కథను వచ్చే గురువారం రికార్డు చేస్తానని నేను మాట ఇచ్చాను. బొగ్గుపొడి పడ్డ గాయం మానితే మచ్చ నీలంగానే ఉండిపోతుంది, వాటిలో ఒక్కొక్కదానికీ ఆయన దగ్గర ఒక తేదీ ఉండేది. ఆ గురువారం నాకు తీరిక దొరకలేదు, తరువాతి గురువారం ఆయన లేడు.

ఇక కాగితాల సంగతి. జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు అక్కడ 1855 జనవరి 1న మొదలైంది. స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో వందేళ్లు దాటిన జననాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన వివాహాలు, యాభై ఏళ్లు దాటిన మరణాలు డబ్బు కట్టి చూడవచ్చు. జనాభా లెక్కలు 1841 నుంచి పదేళ్లకొకటి చొప్పున దొరుకుతాయి. 1851 నుంచి వచ్చినవాటిలో పిల్లలు పుట్టిన ఊళ్లను వయసు వరసలో పేర్చు. పెద్దవాడు ఒక ఊళ్లో, రెండోవాడు మరో ఊళ్లో, చంటిది కెల్టీలో పుట్టినట్టు కనిపిస్తే, ఆ కుటుంబం ఏ గని నుంచి ఏ గనికి మారిందో దారి దానంతటదే తెలుస్తుంది. ఇళ్ల పన్ను చిట్టాలలో ఇంటి యజమాని ఎవరో కూడా చూడు, చాలాచోట్ల బొగ్గు కంపెనీ పేరే కనిపిస్తుంది. అంటే పని పోతే ఇల్లూ పోయినట్టే.

మరణ పత్రం అంచున సవరణల రిజిస్టరును ప్రస్తావించే గుర్తు ఉంటే దాన్ని దాటవెయ్యకు. ప్రమాదంలో పోయినవారి విషయంలో విచారణ తరువాతి వివరాలు అందులో చేరుస్తారు. 1895 చట్టం తరువాత పనిలో జరిగిన మరణాల మీద షెరిఫ్ కోర్టులో, అంటే అక్కడి స్థానిక న్యాయస్థానంలో, విచారణ జరిగేది, ఆ కాగితాలు స్కాట్లాండు జాతీయ రికార్డుల భాండాగారంలో వెతకవచ్చు. కెల్టీలోని లిండ్సే గనిలో 1957 డిసెంబరు 14న జరిగిన పేలుడులో తొమ్మిదిమంది చనిపోయారు. ఆ పేర్లు ఊళ్లో ఇంకా ఇళ్లున్న పేర్లు కనుక, ఆ మాట ఎవరి ముందు ఎత్తుతున్నావో తెలుసుకుని ఎత్తు.

1855కు వెనక్కి వెళితే చర్చి పుస్తకాలే గతి, వాటిలో ఖాళీలు ఎక్కువ. ఇంకా వెనక్కి వెళితే నీకు కష్టం కలిగించే విషయం ఒకటి ఎదురవుతుంది. 1606 చట్టంతో స్కాట్లాండు బొగ్గు కార్మికులు యజమానికి కట్టుబడిపోయారు. బిడ్డకు బాప్టిజం ఇచ్చే రోజున తండ్రి చేతిలో బయానా డబ్బు పెట్టి, ఆ బిడ్డ పనిని కూడా ముందే కట్టేసుకునేవారు. 1775లో కొంత, 1799లో పూర్తిగా ఆ వెట్టి తొలగింది. భూగర్భంలో ఆడవాళ్ల పనిని 1842లో నిషేధించారు. దానికి ముందు జరిగిన విచారణ నివేదికలో బొగ్గు గంపలు మోసిన ఆడపిల్లల మాటలు పేర్లతో, వయసులతో అచ్చయ్యాయి. నీ ఇంటిపేరుతో ఎవరైనా ఉన్నారేమో తప్పక చూడు.

గని కార్మికుల పెద్ద సమ్మె గురించి నువ్వు మొదలుపెట్టవద్దు. 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా సాగిన ఆ ఏడాది గురించి వాళ్లే ఎత్తితే విను. ఎవరు ఎప్పుడు పనిలోకి తిరిగి వెళ్లారన్నది ఇప్పటికీ అన్నదమ్ముల మధ్య గోడగా నిలిచిన ఇళ్లు నాకు తెలుసు. సమ్మె మధ్యలో పనిలోకి వెళ్లినవాణ్ని తిట్టే "స్కాబ్" అన్న మాట నీ నోట ఎట్టిపరిస్థితిలోనూ రానివ్వకు. ఆ రోజుల్లో కొన్ని నేరాల కింద శిక్షపడ్డ కార్మికులకు స్కాట్లాండు పార్లమెంటు 2022లో చట్టం చేసి క్షమాభిక్ష ఇచ్చింది. దాన్ని గౌరవంగా తలచేవారూ ఉన్నారు, ఆలస్యమైందని పెదవి విరిచేవారూ ఉన్నారు.

ఊరు దాటి డన్‌ఫర్మ్‌లిన్ వైపు పోయే దారిలో లాసోడీ యుద్ధ స్మారకం దగ్గర ఆగు. గనులు మూతపడ్డాక, 1930లలో ఆ ఊరు ఖాళీ అయింది. పోరాడి చనిపోయినవారి పేర్లు చెక్కిన రాయి మాత్రం రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఆ దగ్గరలోనే సెయింట్ నినియన్స్ అనే పాత ఓపెన్‌కాస్టు, అంటే నేల పైనుంచి తవ్విన గని, ఉంది. 2013లో దాన్ని తవ్విన బొగ్గు కంపెనీ దివాలా తీయడంతో, అక్కడ ఉద్యాన శిల్పి చార్లెస్ జెంక్స్ రూపకల్పన చేసిన మట్టిదిబ్బల ఉద్యానం సగంలో ఆగిపోయింది. గుంటలు మిగిలిన చోట పూడ్చే ఖర్చు ఎవరిదన్నది, పాత గనుల మీద కట్టిన ఇంటి గోడ చీలితే ఎవరిని అడగాలన్నది ఆ ప్రాంతపు మనుషులకు రోజువారీ చర్చ. ముత్తాతల గురించి అడగడానికి వెళ్లిన నీకు, బస్సు సర్వీసు తగ్గిపోయిందనీ, బ్యాంకు మూతపడిందనీ అరగంట చెబుతారు. విసుక్కోకుండా అదీ రాసుకో. మీ ముత్తాతలు ఏ ఊరిని కట్టారో ఆ ఊరి మాటే అది.

నా మోకాళ్లు సహకరిస్తే నేనూ వచ్చేవాడిని. గమ్‌బూట్లు తీసుకెళ్లు. స్మశానంలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మీ నాన్నగారి నాయనమ్మ రాయి మీద ఆమె పుట్టింటి పేరు ఉంది, ముందుగా దాన్ని ఫొటో తీసి నాకు పంపు. ఆ చట్రం ఇంకా మీ ఇంటి మెట్ల దగ్గర వేలాడుతోందని మీ అమ్మ చెప్పింది. అందులోని జాన్‌ను మార్చే పని నీ చేతనే చేయిస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య