మిద్దె తోట వేస్తే బజారు తిండి మానేయొచ్చా?

మిద్దె మీద పండించుకుని మార్కెట్ మీద అస్సలు ఆధారపడకుండా బతకొచ్చా అని అడిగారు. ముందు బియ్యం లెక్క తేల్చేద్దాం. మా వైపు ఎకరానికి 28 బస్తాలైతే పంట బాగున్నట్టే, బస్తా 75 కిలోలు. అంటే సెంటుకి 21 కిలోల వడ్లు, మర పట్టిస్తే 14 కిలోల బియ్యం. మీ మిద్దె 145 గజాలు ఉందనుకోండి, అది మూడు సెంట్లు. అంతా మడి చేసి నాట్లేసినా నలుగురున్న ఇంటికి నెల, మహా అయితే నెలన్నర. కందిపప్పు, నూనె ఇంకా లెక్కలోకే రాలేదు. అందుకే డ్రాగన్ ఫ్రూట్ పట్టుకుని ఫొటో దిగి, 'మేం బయట ఏమీ కొనం' అని వీడియోలు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. ఆ ఇంట్లో ఉప్మా రవ్వ ఎక్కడ పండిందో కూడా చూపించమనండి.

కూరగాయల దగ్గరికొస్తే మాత్రం తప్పకుండా వేయమనే చెప్తాను, దానికి కారణం మా మామగారు. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు, అరెకరం వంగతోట ఉండేది. ఒకసారి సంక్రాంతికి వెళ్లి తిరిగొచ్చే రోజు పొద్దున్నే సంచి తీసుకుని చేలోకి దిగాను. నవనవలాడే కాయలు, ఒక్కదానికి మచ్చ లేదు, గుత్తివంకాయకి సరిగ్గా సరిపోయే సైజు. నాలుగు కోశానో లేదో గట్టు మీద నుంచి కేక, 'అమ్మాయ్, అవొద్దు, నిన్న సాయంత్రమే మందు కొట్టాం, ఇంటికి పెరట్లోవి కోసుకో' అని. పెరట్లో మొక్కలు గిడసబారి ఉన్నాయి, కాయల్లో సగం పుచ్చులు. చేలో కాయలేమో అప్పటికే గంపలకెత్తి ఆటోలో సర్దుతున్నారు. మరి అవి తినేవాళ్లో అంటే ఆయన కోప్పడలేదు, 'పుచ్చులుంటే కొంటారా మీ విజయవాడోళ్లు?' అన్నారు. నేనేం చెప్పను? రైతుబజార్‌లో ఒక్కో కాయనీ తిప్పి తిప్పి చూసి, చిన్న బెజ్జం కనిపిస్తే విసిరి పారేసేది మనమేగా. పైగా ఇంటికొచ్చి రైతులు విషం పండిస్తున్నారని ఉపన్యాసాలు.

వంకాయకి పెద్ద శత్రువు కొమ్మనీ కాయనీ తొలిచే పురుగు. కాయలోకి దూరాక ఏ మందూ దాన్ని అందుకోలేదు, అందుకే దూరకముందే వారం తిరక్కుండా కొడుతూనే ఉంటారు. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయని తయారుచేసింది కూడా ఈ పురుగుని తట్టుకోవడం కోసమే. 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపేసింది, బంగ్లాదేశ్‌లో మాత్రం 2014 నుంచి సాగు చేస్తున్నారు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు, కానీ చేలో ఎవరు ఏ డబ్బా వంపారో కాయని చూసి మనం కనిపెట్టగలమా?

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పైన కుండీల్లో ఉన్న మొక్కలకీ అదే పురుగు వస్తుంది. పొద్దున కాఫీ గ్లాసుతో పైకెళ్తే ఎక్కడో ఒక మొవ్వ వడలి తల వేలాడేసి ఉంటుంది, మిగతా మొక్కంతా పచ్చగానే ఉంటుంది. ఆ మొవ్వని రెండంగుళాలు కిందికి తుంచి చీలిస్తే లోపల లేత గులాబీ రంగు పురుగు, దాని వెనకాల నల్లటి పిట్టు. సబ్బు నీళ్ల డబ్బాలో వేస్తే సరి. కాయకి బెజ్జం కనిపిస్తే కాయని కూడా తెంపేయాలి, చెట్టు మీదే వదిలేయొద్దు. మందు లేదు, కషాయం లేదు, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం కూడా లేదు. ఇదే పని అరెకరంలో చేయాలంటే రోజూ ఎంతమంది కూలీలు కావాలి, ఆ కూలి కిలో ఇరవైకి అమ్మే వంకాయ మీద ఎక్కడ గిడుతుంది? పెరటి సాగుకీ పెద్ద సాగుకీ అసలు తేడా ఇక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం. విత్తనమూ ఎరువూ తర్వాత మాట. కుండీలో చేత్తో అయ్యే పని, ఎకరాల్లో మందుతో తప్ప అవ్వదు.

ఇక ఏం వేయాలంటారా, క్యాబేజీ, బ్రోకలీ జోలికి పోకండి. తోటకూర, గోంగూర, బచ్చలి, వంగ, బెండ వేయండి. ఆకుకూరలు మాత్రం మొత్తం మీవే తినొచ్చు, అందులో నాకు అనుమానమే లేదు. టమాటా కొన్నాళ్లు విరగకాస్తుంది, ఎండలు ముదిరాక మొండికేస్తుంది, అప్పుడు కొనుక్కోవాల్సిందే. అద్దింట్లో ఉంటే ఓనర్‌ని, ఫ్లాట్ అయితే అసోసియేషన్‌ని ముందే అడిగి పెట్టుకోండి. మా కింది ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్ పైపు కారి గోడకి చెమ్మ వచ్చినా నా కుండీల వల్లే అంటున్నారు.